ప్లస్ రెండున్నర

నా కళ్లద్దాల కొట్టు గోడకి
ఇత్తడి పలక ఒకటి ఉంది:
లాత్వియా గౌరవ కాన్సుల్, కయావో రేవు.
గౌరవమే తప్ప జీతం లేదు.
మా అత్తగారు పుట్టిన దేశం అది.
మా ఆయన పోయాక
ఆ పలకా, రబ్బరు ముద్రా, ఒక జెండా
నా వాటాకొచ్చాయి.

మా పెరూ జెండాని పక్కకి పడుకోబెడితే వాళ్ల జెండా.
ఎరుపు కాస్త ముదురు, అంతే.
"ఒఫేలియా సెన్యోరా, జెండా నిద్రపోయిందా?" అని
అద్దాలకొచ్చిన పిల్లలు అడుగుతారు.

ఏడాదికి ఒకటో రెండో పనులు.
పోయిన పాస్‌పోర్టు.
ఓడ మీద కన్నుమూసిన ఒకాయన పెట్టె, దాని తాళం.
ఈ జులైలో మాత్రం,
పొగమంచు వానగా మారక, ఎండకి చోటివ్వక
ఊరి నెత్తిన కూచున్న ఒక పొద్దున
ఫోను మోగింది.
ఓడ అడుగున మూటలు దొరికాయి.
వంటవాణ్ణి పట్టుకున్నాం. మీ వాడట.

మీ వాడు!
నేను చూడని ఊరి మనిషి,
పది మాటలకు మించి నాకు రాని భాష మనిషి
ఒక్క ఫోనుతో నా వాడైపోయాడు.

పేరు ఇమాంట్స్ స్ట్రౌట్‌మానిస్. యాభై ఎనిమిదేళ్లు.
వారంగా "మైజె, మైజె" అంటున్నాడట.
వాళ్లకి అది రొట్టె.
మా స్పానిష్ చెవికి మొక్కజొన్న.
కాపలావాడు జాలిగుండెవాడే పాపం,
రోజూ ఉడకబెట్టిన కంకి తెచ్చిచ్చాడు.
అతను రోజూ తిన్నాడు,
రోజూ మళ్లీ అడిగాడు.

రీగా నుంచి ఒక కాగితం పంపారు, అతనికి ఇమ్మని.
నాకు మాత్రం స్పానిష్‌లో నకలు.
చేయగలిగినవి నాలుగు, బొటనవేలు మిగిలిపోయింది:
ఇంటికి కబురు, లాయర్ల జాబితా,
అప్పుడప్పుడు ఒక చూపు, ఒంట్లో బాగోకపోతే ఒక ఉత్తరం.
చేయలేనివి పేజీ దాటి వెనక్కి పాకాయి.
విడిపించలేము. లాయరుకి డబ్బు కట్టలేము.
పక్క ఖైదీ కన్నా మంచి గది ఇప్పించలేము.
తప్పెవరిదో మేము తేల్చలేము.

బల్లకి అటు అతను, ఇటు నేను.
నా పది మాటలూ మూడు నిమిషాల్లో అయిపోయాయి.
కాగితం అందుకున్నాడు.
చెయ్యి బారుగా చాపాడు. దగ్గరికి తెచ్చాడు. మళ్లీ చాపాడు.

ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను ఆ చేతిని.
ఆ భాష నాకు వచ్చు.

పట్టుకున్న రాత్రి అద్దాలు
ఎవరి బూటు కిందో నలిగాయని సైగ చేశాడు.
మర్నాడు తొమ్మిది పేజీల మీద సంతకాలు.
ఏం చదివి పెట్టావు అని అడిగితే
కిటికీ బయట మంచుని చూపించాడు.
ఆ ముక్క లాయరుకి రాశాను.
జవాబు లేదు. మళ్లీ రాశాను.

వేళ్లు ముడిచీ విప్పీ, గోడ మీది క్యాలెండరు చదివించి
అక్కడే లెక్క తీశాను.
నాలుగేళ్లుగా ఎవరూ కొనని గోధుమరంగు ఫ్రేము.
గాజు వద్దన్నారు, ప్లాస్టిక్ వేశాను.
లోహపు కాడలు వద్దన్నారు,
ఎలాస్టిక్ తాడు కట్టాను, ఈతగాళ్లకి కట్టినట్టు.

పెట్టుకున్నాడు.
ముందు నన్ను చూశాడు, చాలాసేపు.
అప్పుడు గుర్తొచ్చింది, ఇంతవరకూ
నాకు మొహం లేదు అతని దగ్గర.

తర్వాత కాగితం.
ఆ జైల్లో అతని భాషలో ఉన్నది అదొక్కటే.
వేలు పెట్టి చదివాడు, వంటకం రాసిన చీటీ చదివినట్టు.
లేము, లేము, లేము.
నేను పెట్టిన కళ్లే అవి.
వెనక్కి తిప్పాడు, చివరిదాకా వెళ్లాడు,
ఇంకో పేజీ అంటుకుని ఉందేమోనని
గోటితో అంచు గీరి చూశాడు.

లేచేటప్పుడు జేబులోంచి ఒక కంకి తీసి
నా చేతిలో పెట్టాడు.
"మైజె" అన్నాడు.
ఏ భాషలో అన్నాడో.

నివేదికలో ఒక గడి: అందించిన సహాయం.
గలిగినవాటిలో కళ్లద్దాలు లేవు,
లేనివాటిలోనూ లేవు.
గీత గీసి వదిలేశాను.
కొట్టు పుస్తకంలో మాత్రం బాకీ రాసుకున్నాను:
ఇమాంట్స్, రెండు కళ్లకీ ప్లస్ రెండున్నర.

విచారణ సెప్టెంబరుకి వాయిదా.